నీమో వచ్చాడా? ఆగండి, అప్పుడే ట్యాంకులో వేయకండి

గాజువాక నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మీరు చెప్పినట్టే ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టాను. ఆరు వారాలు చేప లేకుండా తిప్పాను. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. రేపు రెండు క్లౌన్ ఫిష్ తెస్తున్నా. సంచి ఎంతసేపు తేలించాలి?"

ముందుగా, ఆరు వారాలు ఖాళీ ట్యాంకు చూస్తూ కూర్చున్నందుకు నీకు దండం తమ్ముడూ. ఆ ఓపిక చాలామందికి ఉండదు. ఇక నీ ప్రశ్నకి జవాబు ఇరవై నిమిషాలు. కానీ ఆ ఇరవై నిమిషాల గురించి నాకు వారానికి నాలుగైదు మెసేజీలు వస్తాయి. ఆ తర్వాత నెల రోజులు చేప ఎక్కడ ఉండాలని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. అసలు కథంతా ఆ నెల రోజుల్లోనే ఉంది. అందుకే ఈ వారం దాని గురించే.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. చేప విసర్జించేది, తినకుండా మిగిల్చింది కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, నీళ్ళు మారిస్తే తగ్గిపోతుంది. ఈ బ్యాక్టీరియా రాళ్ళ మీద, ఇసుకలో, ఫిల్టర్‌లో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దాన్నే సైకిల్ అంటాం. అది అయ్యాకే చేప. ఇంతవరకు యూట్యూబ్‌లో అందరూ చెబుతారు.

నేనుండేది చోడవరం. 2022 ఏప్రిల్‌లో మాది అనకాపల్లి జిల్లా అయింది గానీ, నోటికి ఇంకా వైజాగ్ జిల్లా అనే వస్తుంది. బంగాళాఖాతం మాకు గంట, గంటన్నర దూరం. అయినా నేను ఉప్పు డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పించి, ఆర్వో నీళ్ళలో లీటరుకి సుమారు 35 గ్రాములు కలుపుకుంటాను. మా నాన్న దీన్ని ఇప్పటికీ జీర్ణించుకోలేదు. "పక్కన సముద్రం పెట్టుకుని ఉప్పు కొంటావేటిరా?" అంటారు. ఆయన అడిగేదీ న్యాయమే. కానీ మన తీరంలో నీళ్ళు ఏడాదంతా ఒకేలా ఉండవు. వానాకాలం నదులన్నీ బంగాళాఖాతంలోకి కుమ్మరిస్తాయి. ఆ మంచినీళ్ళు అక్టోబరు, నవంబరుల్లో తీరం వెంబడే దక్షిణానికి పారతాయి. అప్పుడు పైపొర నీళ్ళలో ఉప్పు బాగా పడిపోతుంది. ఒడ్డున బిందె ముంచితే ఏ నెలలో ఏం వస్తుందో చెప్పలేం. పైగా అందులో ఇంకేం కలిసిందో తెలీదు. డబ్బా ఉప్పుతో ఆ బెంగ లేదు.

ఈ ఉప్పు లెక్క గురించి ఇంత ఎందుకంటే, కొత్త చేపకి మొదటి గండం ఇక్కడే. మంచినీళ్ళ చేప దాదాపు నీళ్ళు తాగదు. చర్మంలోంచి, మొప్పల్లోంచి నీళ్ళు వాటంతటవే లోపలికి వస్తాయి, అది మూత్రంగా బయటికి పంపుతూ ఉంటుంది. సముద్రపు చేపది పూర్తిగా తిరగేసిన వ్యవహారం. దాని ఒంట్లో ఉప్పు సముద్రంలో ఉన్నదానిలో మూడో వంతు ఉంటుంది. అందుకని ఒంట్లోని నీళ్ళని బయటి ఉప్పు లాగేస్తూనే ఉంటుంది. నీళ్ళలోనే ఉన్నా దానికి రోజంతా దాహమే. సముద్రపు నీళ్ళు తాగుతుంది, ఎక్కువైన ఉప్పుని మొప్పల్లోంచి బయటికి నెడుతుంది. ఆ పనికి దానికి బోలెడు శక్తి ఖర్చవుతుంది.

ఇప్పుడు షాపు సంగతి చూద్దాం. చాలా షాపుల్లో ట్యాంకుల్లో ఉప్పు కావాలనే తగ్గించి ఉంచుతారు. 35 ఉండాల్సిన చోట 25, 27 ఉంటుంది. దీన్ని మోసం అనుకోవద్దు. ఉప్పు తక్కువైతే పరాన్నజీవులు కొంచెం అదుపులో ఉంటాయి, చేపకి శ్రమ తగ్గుతుంది, ఉప్పు ఖర్చూ కలిసొస్తుంది. కానీ ఆ చేపని తెచ్చి గంటలో మీ 35లోకి దించితే ఒంట్లో నీళ్ళు ఒక్కసారిగా లాగేస్తుంది. ఎక్కువ ఉప్పు నుంచి తక్కువకి దిగడం చేపకి తేలికే. తక్కువ నుంచి ఎక్కువకి ఎక్కడమే కష్టం. విచిత్రం ఏంటంటే, ఆ రోజు బాగానే కనబడుతుంది. రెండో రోజో మూడో రోజో పోతుంది. అప్పుడు మనం షాపువాణ్ణి తిట్టుకుంటాం.

మరి డ్రిప్ పద్ధతి ఉందిగా అంటారు. చేపని బకెట్‌లో వేసి, సన్న గొట్టంతో ట్యాంకు నీళ్ళు చుక్కచుక్కగా గంట, రెండు గంటలు వదలడం. బాగుంటుంది, చూడ్డానికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నట్టు ఉంటుంది. షాపు మీ వీధి చివరే ఉండి, చేప సంచిలో అరగంటే ఉంటే డ్రిప్ మంచిదే. కానీ మన వైపుకి సముద్రపు చేపలు చాలాసార్లు చెన్నై నుంచో ముంబయి నుంచో వస్తాయి. చెన్నై కొళత్తూరు అలంకార చేపల వ్యాపారానికి పేరున్న చోటు. అక్కణ్ణుంచి రైల్లో అనకాపల్లి చేరేసరికి చేప ఒక రాత్రంతా మూతి కట్టిన సంచిలో ఉన్నట్టే. ఆ సంచిలో ఏం జరుగుతుందో చూడండి.

చేప ఊపిరి వదిలిన కొద్దీ సంచి నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. దాంతో పీహెచ్ పడిపోతుంది. అదే సమయంలో చేప వదిలిన అమ్మోనియా కూడా పేరుకుంటుంది. అమ్మోనియాకి రెండు రూపాలు. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అది దాదాపు అంతా అమోనియం రూపంలో ఉంటుంది, అది చేపని పెద్దగా ఏమీ చేయదు. అంటే ఆ మురికి నీళ్ళే తన విషాన్ని తాను కట్టేసి ఉంచుతున్నాయన్నమాట. మీరు మూతి విప్పారు. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. పీహెచ్ పైకి లేస్తుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషపు రూపం దాదాపు పది రెట్లవుతుంది. ఇక మీరు జాగ్రత్తగా, ప్రేమగా, రెండు గంటల డ్రిప్ పెడతారు. 8.2 పీహెచ్ ఉన్న మీ ట్యాంకు నీళ్ళు చుక్కచుక్కగా కలుస్తుంటే, చేప ఆ రెండు గంటలూ విషంలో కూర్చుంటుంది.

అంటే తొందరపడి దించితే ఉప్పు దెబ్బ, నెమ్మదిగా దించితే అమ్మోనియా దెబ్బ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దీనికి ఒక దారుంది, చాలా సింపుల్. చేపని మన నీళ్ళకి అలవాటు చేసే బదులు, మన నీళ్ళనే చేపకి సరిపెట్టేయాలి. పెద్ద ట్యాంకులో అది కుదరదు. వేరే చిన్న ట్యాంకులో కుదురుతుంది. షాపువాడికి ముందురోజే ఫోన్ చేసి "బాబూ, మీ ట్యాంకులో సెలినిటీ ఎంత?" అని అడగండి. 27 అంటే మీ చిన్న ట్యాంకుని 27కి కలిపి పెట్టుకోండి. చేప వచ్చాక సంచి మూతి విప్పకుండానే ఇరవై నిమిషాలు తేలిస్తే వేడి సమానం అవుతుంది. తర్వాత సంచి కోసి, రిఫ్రాక్టోమీటర్ మీద ఒక్క చుక్క వేసి చూసుకుని, చేపని చేత్తోనో చిన్న మగ్గుతోనో ఎత్తి నేరుగా వేసేయండి. సంచి నీళ్ళు మాత్రం సింక్‌లోకే. అవి ఒక్క చుక్క కూడా మీ ట్యాంకులో పడకూడదు. ఇక ఆవిరైన నీళ్ళ బదులు ఉప్పునీళ్ళు పోస్తూ రోజుకి ఒకటి, రెండు చొప్పున పెంచుకుంటూ పోతే వారంలో 35కి వచ్చేస్తుంది. రిఫ్రాక్టోమీటర్‌ని 35 స్టాండర్డ్ ద్రావణంతో సరిచూసుకున్నారా లేదా అన్నది మర్చిపోకండి. మంచినీళ్ళతో సున్నా దగ్గర సరిచూస్తే 35 దగ్గర తప్పు చూపించే పరికరాలు చాలా ఉన్నాయి.

ఆ చిన్న ట్యాంకు పేరే క్వారంటీన్. 2020 తర్వాత ఈ మాట ఎవరికీ వివరించక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకైతే ఇంకా తేలిక. కొత్త కోడ్‌ని నేరుగా ప్రొడక్షన్‌లో వేసేవాడిని టీమంతా ఎలా చూస్తారో తెలుసుగా? స్టేజింగ్‌లో నడిపి, లాగ్స్ చూసి, అప్పుడు పైకి పంపిస్తాం. కాకపోతే ఇక్కడ రోల్‌బ్యాక్ లేదు.

లేదని మా పెదనాన్నగారి అబ్బాయి ఇంట్లో చూశాను. అనకాపల్లిలో ఉంటాడు, నాకంటే మూడేళ్ళు చిన్న. వాడి ట్యాంకులో రెండు క్లౌన్ ఫిష్, ఒక ఫైర్ ఫిష్, ఒక పసుపు తోక డామ్సెల్. ఎనిమిది నెలలు హాయిగా ఉన్నాయి. క్లౌన్ ఫిష్ రెండూ వాడి వేలు కనబడితే పైకి వచ్చేవి. ఒకరోజు షాపులో పౌడర్ బ్లూ టాంగ్ కనబడింది. హిందూ మహాసముద్రపు చేప. ఆ నీలం చూస్తే ఎవరికైనా మనసు ఆగదు, నిజమే. సంచి తేలించాడు, డ్రిప్ పెట్టాడు, అన్నీ పద్ధతి ప్రకారమే చేశాడు. సాయంత్రానికి పెద్ద ట్యాంకులో వేశాడు. నాలుగో రోజు టాంగ్ రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. తొమ్మిదో రోజు అది పోయింది. ఇంకో వారానికి ఫైర్ ఫిష్, తర్వాత క్లౌన్ ఫిష్ రెండూ. డామ్సెల్ ఒక్కటే మిగిలింది. "అన్నయ్యా, చుక్కలు మధ్యలో పోయాయి కదా, తగ్గిపోయిందనుకున్నా" అన్నాడు ఫోన్‌లో. ఆ తర్వాత కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

ఆ చుక్కలు మధ్యలో పోవడమే ఈ జబ్బు అసలు నాటకం. దీని పేరు క్రిప్టోకారియాన్. చేప ఒంటి మీద మూడు నుంచి ఏడు రోజులు ఉండి, బాగా తిని, కిందికి రాలిపోతుంది. మనకి చేప నయమైనట్టు కనబడుతుంది. రాలింది ఇసుకకో రాయికో అతుక్కుని గట్టి గూడు కట్టుకుంటుంది. లోపల ఒకటి రెండై, రెండు నాలుగై, ఒక్కో గూడులోంచి రెండు వందల దాకా పిల్లలు బయటికి ఈదుతాయి. అవి ఒకట్రెండు రోజుల్లో చేపని పట్టుకోవాలి, లేకపోతే చస్తాయి. అంత పెద్ద సముద్రంలో వాటిలో చాలావాటికి చేప దొరకదు. మీ వంద లీటర్ల గాజు పెట్టెలో ప్రతి దానికీ దొరుకుతుంది. అందుకే రెండో విడత చుక్కలు మొదటి విడత కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వస్తాయి.

పెద్ద ట్యాంకులోకి వచ్చాక దీన్ని తీయడం నరకం. బాగా పనిచేసే మందు రాగి. కానీ రాగి రొయ్యల్ని, నత్తల్ని చంపేస్తుంది, రాళ్ళలోకి ఇంకిపోయి కూర్చుంటుంది. కాబట్టి మిగిలిన దారి ఒక్కటే. చేపలన్నిట్నీ బయటికి తీసి, వేరే టబ్బులో వైద్యం చేసి, పెద్ద ట్యాంకుని చేప లేకుండా వదిలేయాలి. కొన్ని గూళ్ళు విడవడానికి రెండు నెలలు దాటుతుంది కాబట్టి ఈ హాబీలో చాలామంది 76 రోజులు లెక్క పెట్టుకుంటారు. మా తమ్ముడూ అలాగే పెట్టాడు. ఒక్క డామ్సెల్‌ని ప్లాస్టిక్ టబ్బులో పెట్టుకుని 76 రోజులు రాళ్ళని చూస్తూ కూర్చున్నాడు.

వెల్వెట్ అని ఇంకోటుంది, అమైలూడినియం. అది ఇంత టైమ్ కూడా ఇవ్వదు. ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టు సన్నగా కనబడుతుంది. చాలాసార్లు అదీ కనబడదు, చేప గబగబా ఊపిరి తీయడం ఒక్కటే కనబడుతుంది. రెండు మూడు రోజుల్లో మొత్తం ట్యాంకు ఖాళీ అయినా ఆశ్చర్యం లేదు. క్లౌన్ ఫిష్‌కి ప్రత్యేకంగా బ్రూక్లినెల్లా అని మరోటి వస్తుంది, ఒంటి నిండా జిగురు పొరలు పొరలుగా లేస్తుంది.

క్వారంటీన్ అంటే పెద్ద ఖర్చని భయపడకండి. నలభై, యాభై లీటర్ల గాజు పెట్టె. అంతేసి పట్టే ప్లాస్టిక్ టబ్బైనా పర్లేదు. ఇసుక వద్దు, రాళ్ళు వద్దు. దాక్కోవడానికి రెండు పీవీసీ ఎల్బోలు, హార్డ్‌వేర్ షాపులో దొరికేవే. ఒక హీటర్, ఒక గాలి పంపు, ఒక స్పాంజ్ ఫిల్టర్. అసలు కీలకం ఆ స్పాంజ్. చేప తెచ్చే నాలుగు వారాల ముందే దాన్ని పెద్ద ట్యాంకులో పడేసి ఉంచాలి. బ్యాక్టీరియా దానికి పట్టేస్తుంది. లేకపోతే చిన్న పెట్టెలో అమ్మోనియా రెండు రోజుల్లో ఎక్కేస్తుంది. దీనికి వాడే వల, మగ్గు, గుడ్డ పెద్ద ట్యాంకు దగ్గరికి వెళ్ళకూడదు. నేను వీటికి ఎర్ర టేపు చుట్టి పెట్టాను. మా అమ్మకి కూడా తెలుసు, ఎర్ర టేపు మగ్గు ముట్టుకోదు. "ఏట్రా ఇది, చేపకి వేరే గదేటి? కొత్త కోడలికి కూడా ఇన్ని మర్యాదలు జరగవురా" అని మాత్రం అంటుంది.

మొదటి రోజు లైటు వేయకండి. తిండి మర్నాడు. తింటోందా, ఊపిరి ఎలా తీస్తోంది, ఒళ్ళు పీవీసీకి రాసుకుంటోందా, రోజూ ఐదు నిమిషాలు చూడండి. నెల రోజులు ఏ తేడా లేకపోతే అప్పుడు పెద్ద ట్యాంకు. మందు అవసరమైతేనే. రాగి వాడాల్సి వస్తే టెస్ట్ కిట్ లేకుండా వాడొద్దు, కొంచెం తక్కువైతే పని చేయదు, కొంచెం ఎక్కువైతే చేపే పోతుంది.

పెద్ద ట్యాంకులోకి వెళ్ళే రోజు ఇంకో గొడవ ఉంటుంది, పాత కాపులు. డామ్సెల్ చూడ్డానికి బొటనవేలంత ఉంటుంది గానీ, ట్యాంకంతా తన పేరు మీద రిజిస్ట్రేషన్ అయినట్టు ప్రవర్తిస్తుంది. అందుకే నెమ్మదస్తుల్ని ముందు వేయాలి, దెబ్బలాడేవాటిని చివర. ఇప్పటికే డామ్సెల్ ఉంటే కొత్త చేపని చిల్లుల ప్లాస్టిక్ బుట్టలో పెట్టి, ఆ బుట్టని ట్యాంకులో రెండు మూడు రోజులు వేలాడదీయండి. చూసి చూసి దానికే విసుగొస్తుంది. రాళ్ళు కాస్త అటూ ఇటూ జరిపినా హద్దులు చెరిగిపోతాయి.

క్లౌన్ ఫిష్ కొనేటప్పుడు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి. ఇవన్నీ మగవిగానే మొదలవుతాయి, జంటలో పెత్తనం చేసేది ఆడదిగా మారుతుంది. సైజు తేడా ఉంటే ఎవరు పెద్దో ముందే తేలిపోయి కొట్లాట తగ్గుతుంది. ఇక 2003లో వచ్చిన ఆ సినిమా చూసి ఎనిమోన్ కూడా కావాలంటారు. మొదటి ఏడాది వద్దు, అది లేకుండా క్లౌన్ ఫిష్ బాగానే ఉంటుంది. వీలైతే హేచరీలో పుట్టిన చేపలే అడగండి. మన సీఎంఎఫ్‌ఆర్ఐ వాళ్ళు తమిళనాడు మండపంలో క్లౌన్ ఫిష్ పిల్లల్ని పుట్టించే పద్ధతి ఎప్పుడో సాధించారు. అలా పుట్టినవి మొదటి రోజు నుంచే పొడి మేత తింటాయి, రీఫ్ నుంచి పట్టి తెచ్చినవాటి కంటే జబ్బులూ తక్కువ మోసుకొస్తాయి. అన్నట్టు, షాపువాడు పగడపు రాయి, సీహార్స్ చూపిస్తే ముట్టుకోకండి. రాతి పగడాలు, సీహార్స్‌లు 2001 నుంచి మన వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులితో సమానం.

కరెంటు గురించి ఒక్క మాట. 28 డిగ్రీల దగ్గర మంచినీళ్ళలో లీటరుకి 7.8 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. సముద్రపు నీళ్ళలో సుమారు 6.4 మాత్రమే. అంటే పంపు ఆగితే మన చేపకి గోల్డ్ ఫిష్ కంటే ముందే ఊపిరాడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఇంటర్. మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్లో మా ఇంట్లో ట్యాంకు లేదు గానీ, ఇప్పుడు తుపాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా నేను ముందు చూసుకునేది బ్యాటరీతో నడిచే గాలి పంపు. అందులో సెల్స్ ఉన్నాయా లేదా అని. క్వారంటీన్ పెట్టెకీ ఒకటి ఉండాలి, చిన్న పెట్టెలో నీళ్ళు తక్కువ కాబట్టి అక్కడే ముందు అవసరం పడుతుంది.

ఇది రాస్తున్నప్పుడు నా టేబుల్ పక్కన పెట్టెలో రెండు చిన్న క్లౌన్ ఫిష్ ఉన్నాయి. హేచరీవే. అవి నావి కావు, మా తమ్ముడివి. వాడింట్లో జాగా లేదని క్వారంటీన్ నా దగ్గర పెట్టించాడు. 26 దగ్గర వచ్చాయి, ఇప్పుడు 35లో ఉన్నాయి. ఈ రోజు పందొమ్మిదోది. పెద్దది చిన్నదాన్ని పీవీసీ ఎల్బోలోకి రానివ్వడం లేదు, అది బయట స్పాంజ్ మీద పడుకుంటోంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్ వస్తుంది. నిన్న వాడు తన ట్యాంకు రీడింగ్ చూపించాడు, 35, 27 డిగ్రీలు. ఇంకో పదకొండు రోజులకి మూత ఉన్న బకెట్ తీసుకుని బండి మీద వస్తానన్నాడు. బకెట్ కొత్తదేనా అని రెండుసార్లు అడిగాను.